వేలిముద్రకు సాక్షి

ఊళ్లో నా పేరున రెండెకరాలుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను కాబట్టి దాన్ని కౌలుకు చేసేది మా వాడకట్టు చెల్లె. వరసకే చెల్లె, చుట్టరికం ఏమీ లేదు. ఆ యాసంగిలో కోతకొచ్చిన వరి మీద రాళ్లవాన పడింది. గింజంతా మడిలోనే రాలిపోయింది. పంట ఆమెది, కష్టం ఆమెది. సర్కారు మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే నష్టపరిహారం వేస్తుంది. అంటే నా ఖాతాలో.

డబ్బులు పడ్డాయని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని నేనే చదివాను. మా చుట్టాలు కొందరు, పట్టా నీదే కదా, ఉంచుకో అన్నారు. రాళ్లు నా నెత్తిన పడలేదు కదా అని వాళ్ల నోరు మూయించి చెల్లెకు ఫోన్ చేశాను. తెల్లారే బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగింది. వానలు దగ్గర పడ్డాయి. పత్తి గింజలు కొనాలి, దుకాణం వాళ్లు ఉద్దెరకు ఇవ్వం, డబ్బు పెట్టి కొనుక్కోమన్నారట. ఆ రోజు డబ్బు చేతికి రాకపోతే అదను దాటిపోతుంది.

బ్యాంకులో కాగితం నేనే నింపాను. గడ్డిఅన్నారం మార్కెట్‌లో పండ్లమ్మిన రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. మార్కెట్ తరలిపోయి ఇంట్లో కూర్చున్నాక సైదాబాద్‌లో ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. చదువు ముగిసిన రోజున ఆడవాళ్లమంతా కలిసి ఇంకు డబ్బాను మోరీలో పారేసి, ఇక వేలిముద్ర వేసేది లేదని ఒట్టు పెట్టుకున్నాం. అందుకే సంతకం కొంచెం పెద్దగానే చేశాను.

కౌంటర్‌లో ఉన్న కోస్తా ఆయన కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ ఖాతా వేలిముద్రదండి అమ్మగారూ. సంతకం చెల్లదు. మార్చాలంటే నాలుగు రోజులు పడుతుందండి."

అక్షరాలు నేర్చినదాన్ని పట్టుకుని వేలు వేయమంటావా, వేయను అన్నాను. లైన్లో వాళ్లంతా నావైపే చూశారు. చెల్లె నా కొంగు పట్టి పక్కకు లాగింది.

"అక్కా, నీకు అక్షరాలొచ్చినయని ఊరంత నేనే చెప్త. జర గీ ఒక్కపారి వేలు పెట్టు."

ఆమె మొహం చూశాక ఇంకేం మాట్లాడతాను. వేలు ఇంకులో అద్దాను. అంతటితో అయిపోలేదు. వేలిముద్రకు సాక్షిగా సంతకం వచ్చిన మనిషి కావాలన్నాడు. చెల్లెకు రాదు.

"నాకొస్తది. నేను పెడ్త" అన్నాను.

"మీ వేలికి మీరే సాక్షా అండీ?"

"నా వేలు నాకంటే ఎవ్వలకెరుక?"

ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు. నవ్వు లైను చివరిదాకా పాకింది. నన్నెరిగిన మా గల్లీ కిరాణా ఆయన అక్కడే ఉన్నాడు, నవ్వుతూనే వచ్చి సంతకం పెట్టాడు.

నోట్లు చేతికిస్తే చెల్లె లెక్క చూడకుండా నడుముకు దోపుకుంది. ఎల్‌బీ నగర్‌లో గింజలు కొన్నాం. బస్సులో సంచి పైన పెట్టమని కండక్టర్ చెప్పినా వినకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, పత్తి తీసే నాటికి ఊరికి రమ్మని ఒకటే పిలుపు.

"ముందుగాల పోయి గింజ పెట్టు, పో" అన్నాను. బస్సు కదిలింది.