సాంచాల చప్పుడు విని కొన్న షేరు

సూరత్‌లోని వడోద్‌లో మా గది కింద సాంచాలు నడిచేవి. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. అవి వరుసగా పెట్టిన షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. కింద ఖాతా, పైన పనివాళ్ళ కోసం సేఠ్ కట్టించిన గదులు. పెళ్ళయి వచ్చిన కొత్తలో బిందెలో నీళ్ళు వణకడం చూసి భూకంపం అనుకున్నాను. మా అత్తమ్మ నవ్వింది. తర్వాత అలవాటైంది. కొన్నాళ్ళకు నీళ్ళు వణకకపోతే భయపడటం కూడా అలవాటైంది.

మావాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. కరీంనగర్ దిక్కు నుంచి చుట్టాలు ఫోన్ చేస్తే మొదట అడిగే మాట “సాంచాలు నడుస్తున్నయా?” అని. బాగున్నారా, పిల్ల ఎట్లుంది అనే మాటలు ఆ తర్వాతే. నడుస్తున్నాయంటే బాగున్నట్టే లెక్క.

పిల్ల మాత్రం బాగుండేది కాదు. నూలు దుమ్ము మెట్లెక్కి గదిలోకి వచ్చేది. పొద్దున తుడిచిన స్టీలు డబ్బాల మీద మధ్యాహ్నానికి తెల్లగా పేరుకునేది. నా కూతురికి నడక రాకముందే దగ్గు వచ్చింది. చూపించిన డాక్టరు మందు రాస్తూనే విసుక్కున్నాడు. “బేన్, ఘర్ బదలో. దవా సే క్యా హోగా?” ఇల్లు మార్చకుండా మందులతో ఏమవుతుందని.

ఇల్లు చూసే పెట్టుకున్నాం. సాంచాల చప్పుడు లేని ఆల్థాన్‌లో, మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. కిటికీ తీస్తే ఖాళీ ప్లాటు, అందులో రెండు గేదెలు. ఇంటావిడ గుజరాతీ పెద్దావిడ. మా పిల్ల ఆ కిటికీ దగ్గర నిలబడి గేదెలను పిలుస్తుంటే మురిసిపోయింది. కానీ డిపాజిట్ మొత్తం ఒకేసారి ఇవ్వాలంది. మేం కూడబెట్టింది దానికి చాలలేదు. కొంచెమే తక్కువ. ఇంకొక్క పెళ్ళిళ్ళ సీజన్ సాంచాలు బాగా నడిస్తే సరిపోతుందని మా ఆయన అన్నాడు.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. పక్క గదుల వాళ్ళు మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయారు. పిల్లతో అంత దూరం పోలేక మేం ఉండిపోయాం. ఆ నిశ్శబ్దంలో రెండు సంగతులు జరిగాయి. పిల్ల దగ్గు తగ్గింది. నేను ఫోన్‌లో షేర్ మార్కెట్ చూడటం మొదలుపెట్టాను.

నేను బీకాం చదివాను. ఇక్కడ ఆ చదువుతో ఎవరికీ పనిపడలేదు. అయినా బ్యాలెన్స్ షీటు చదవడం మరిచిపోలేదు. మార్కెట్ పాతాళానికి పడి మళ్ళీ లేస్తోందని టీవీలో ఒకటే మాట. బ్యాంకులో ఊరికే ఉన్న డబ్బులో కొంత పెడితే ఆ తక్కువపడింది పూడుతుందేమో అనిపించింది. మా ఆయనతో చెప్పాను. ఇద్దరం కలిసే ఖాతా తెరిచాం. ఇది నూలు ఖాతా కాదు, షేర్ల ఖాతా. ఆ మాటకు ఆయన చాలాసేపు నవ్వాడు. “మా ఇంట్ల సేఠాణి తయారైంది” అన్నాడు.

అత్తమ్మకు నమ్మకం కలగలేదు.

“మట్కానా బిడ్డా ఇది?”

“మట్కా కాదత్తమ్మా. కంపెనీల మనం వాటా కొంటం.”

“వాటాదార్లమైతే మరి ఆ కంపెనోడు పండుగకు మనింటికొస్తడా?”

“రాడు.”

“గదేం వాటా! మట్కావోడన్న నయం, చాయ తాగిపోతడు.”

నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. అప్పులు ఎక్కువున్న కంపెనీ జోలికి పోవద్దు. లాభం కాగితం మీద కాదు, చేతికి రావాలి. యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టి ఉంటే వద్దు. ఫోన్ గ్రూపుల్లో ఎవరో కొనండి కొనండి అని అరిచేది అసలే వద్దు. అన్నిటికంటే ముఖ్యం, తెలిసిన సరుకే కొనాలి. కిరాణా కొట్లో బిస్కెట్లు దొరకని రోజుల్లో ఆ బిస్కెట్ల కంపెనీ షేర్లు కొన్ని కొన్నాను. పెరిగాయి. సబ్బులది కొన్నాను. అదీ పెరిగింది. ఆ రోజుల్లో ఏది కొన్నా పెరిగేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా తెలివే అనుకున్నాను.

వానాకాలంలో ఖాతా మళ్ళీ తెరుచుకుంది. ముందు కొన్ని సాంచాలే నడిచాయి. బిందెలో నీళ్ళు కొద్దిగా కదిలాయి. పిల్ల మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది.

తర్వాతి ఏడాది ఎండాకాలం గురించి ఎక్కువ రాయలేను. అంబులెన్సుల కూత ఆగేది కాదు. ఎవరి ఇంట్లో దగ్గు వినిపించినా చుట్టుపక్కల తలుపులు మూసుకునేవి. మా పిల్లది పాత దగ్గే అని అందరికీ తెలుసు. అయినా పక్కగదిలోకి కొత్తగా వచ్చిన ఒడియా ఆమె, తలుపు సందులోంచి, “భాభీ, టెస్ట్ కరాయా క్యా?” అని, టెస్టు చేయించావా అని అడిగేది. నేను పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టేదాన్ని. దగ్గడం కూడా తప్పయినట్టు అది నా ముఖంలోకి చూసేది. అది పడుకున్నాక వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. కింద సాంచాలు నడుస్తుంటే ఆ వణుకు మంచంలోంచి పిల్ల వీపులోకి వచ్చేది. ఊపిరేదో, వణుకేదో తెలిసేది కాదు.

ఆల్థాన్ ఇంటావిడ ఫోన్ చేసి దీపావళి దాకా చూస్తానంది. ఆ తర్వాత వేరేవాళ్ళకు ఇస్తానంది. ఇక ఆ తక్కువపడింది త్వరగా పూడ్చాలి. బిస్కెట్లూ సబ్బులూ నిదానంగా పెరుగుతాయి. దీపావళికి అందవు.

అప్పుడు నా కళ్ళు మా ఇంట్లోనే ఉన్న అట్టపెట్టె మీద పడ్డాయి. కింద ఖాతాకు నూలు అట్టపెట్టెల్లో వచ్చేది. ఖాళీ అయిన పెట్టెలు మా ఆయన పిల్ల ఆటకు తెచ్చేవాడు. వాటిని ఒకదానికొకటి అతికించి అది ఇల్లు కట్టుకునేది. ఆ పెట్టెల మీద నూలు కంపెనీ ముద్ర ఉండేది. వెతికితే ఆ కంపెనీ మార్కెట్లో ఉంది. చిన్నది. షేరు ధర చవక. తెలిసిన సరుకే కొనాలన్న నియమానికి ఇంతకంటే తెలిసిన సరుకు ఏముంటుంది?

కాగితాలు చదివాను. అమ్మకాలు పెరిగాయి. లాభం పెరిగింది. కానీ అరువు మీద అమ్మి ఇంకా చేతికి రానిది అంతకంటే వేగంగా పెరిగింది. అక్కడ ఆగాను. సూరత్‌లో అందరూ అరువు మీదే అమ్ముతారు, అది నిజమే. అయినా మనసు ఒప్పుకోలేదు. ఆ మాటే మా ఆయనతో అన్నాను.

అప్పుడు కింద రెండు షిఫ్టులు నడుస్తున్నాయి. ఎన్నో నెలల తర్వాత అన్ని సాంచాలూ ఒకేసారి మోగుతున్నాయి. గోడకు తగిలించిన అద్దం కూడా గలగలలాడుతోంది. ఆయన అన్నం తింటూ నేల మీద అరచెయ్యి ఆనించి చూపించాడు.

“కాగితాల్ల ఏమున్నదో నాకు దెల్వదు గని, ఇగో ఇది జూడు. ఇన్ని సాంచలు నడువాల్నంటే నూలు గావాల్నా వద్దా? ఆ నూలు ఎవడమ్ముతడు?”

“అమ్ముతడు సరే, పైసలు రావాలె గద?”

“సాంచ నడిస్తే పైసలు రాక యాడికి పోతయే?”

అత్తమ్మ చిన్నప్పటి నుంచి కండెలు చుట్టిన మనిషి. గోడకు ఆనుకుని పిల్లకు జడ వేస్తోంది. “సాంచ సప్పుడు అబద్ధమాడదు బిడ్డా” అంది. “మీ మామ దినాం సప్పుడినే చెప్పేటోడు, గీ యేడు పండుగకు చీర ఉంటదా లేదా అని. ఎన్నడన్న తప్పిందా?”

నేను కూడా విన్నాను. ఆ చప్పుడు వింటే నాకూ ధైర్యం వచ్చింది. మా ముగ్గురిలో ఎవరికీ దాన్ని ఇంకోలా వినడం రాదు. బిస్కెట్లూ సబ్బులూ అమ్మేశాను. డిపాజిట్ కోసం దాచింది కూడా కలిపి మొత్తం నూలు కంపెనీలో పెట్టాను.

ఒక వారం అది పెరిగింది. మా ఆయన పనిలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ “సేఠాణీ, ఏమంటుంది నీ నూలు?” అని అడిగేవాడు. నేను ఫోన్ చూపించేదాన్ని. ఆ రోజుల్లో నాకు రెండు కోరికలుండేవి. సాంచాలు గట్టిగా నడవాలి. పిల్ల దగ్గకూడదు. రెండూ ఒకేసారి తీరేవి కావని ప్రతి మధ్యాహ్నం తెలిసేది. చప్పుడు పెరిగిన రోజు దగ్గూ పెరిగేది. ఇంకొన్నాళ్ళే, దీపావళికి ఆల్థాన్ పోతాం అని దాని ఛాతీకి ఆముదం రాస్తూ చెప్పేదాన్ని. “గేదెల ఇంటికా?” అనేది.

ఒకరోజు పిల్ల అట్టపెట్టెల ఇల్లు ఒక పక్క కూలిపోయింది. “పప్పా, నయా డబ్బా తీసుకురా” అని వెంటపడింది.

“లెవ్వు బేటా. ఈ నడుమ వస్తలేవు.”

నేను బియ్యం ఏరుతూ విన్నాను. సేఠ్ ఖాళీ పెట్టెలు కూడా పాత కాగితాలవాడికి అమ్ముకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. చప్పుడు అంత బాగా వినిపిస్తుంటే ఇంకేమనుకుంటాను?

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పప్పు పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటమనడం చాలా గట్టిగా వినిపించింది. ఎందుకా అని చూస్తే కింద చప్పుడు తగ్గుతోంది. ఒక సాంచా ఆగింది. కాసేపటికి ఇంకొకటి. కరెంటు పోతే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఇవి ఒక్కొక్కటే ఆగాయి. చివరిది ఒంటరిగా కొంతసేపు కొట్టుకుని అదీ ఆగిపోయింది. బిందెలో నీళ్ళు కదలడం మానేశాయి.

“మమ్మీ, మశీన్ బంధ్ థయి గయుం?” అని అడిగింది పిల్ల. మెషీన్ ఆగిపోయిందా అని. గుజరాతీ మాటలు దానికి అలాగే నోట్లోకి వస్తాయి.

మా ఆయన షిఫ్టు కాకముందే పైకి వచ్చాడు. తల నిండా నూలు దుమ్ము. గడప మీదే కూర్చున్నాడు.

“బీములు అయిపోయినయ్.”

బీము అంటే మగ్గానికి పడుగు నూలు చుట్టి ఎక్కించే పెద్ద రోలు.

“కొత్త బీములు ఎక్కియ్యరా?”

“లెవ్వు. సేఠ్ సాంచలు భంగార్‌కు అమ్మిండు. కొత్త నూలు తెప్పిచ్చుడు బంద్ జేసి, ఉన్న నూలు పాడుగావొద్దని బీములన్ని నేసి ఖతం జేయమన్నడు. గందుకే రెండు షిఫ్టులు కొట్టిచ్చిండు.”

“నీకు ముందుగాల చెప్పలేదా?”

“పెద్ద ఆర్డరున్నది జల్ది జల్ది అన్నడు. గిట్లని ఎవలకు ఎరుక?”

అత్తమ్మ లేచి ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది.

పాత ఇనుము కొనే భంగార్ టెంపోలు వచ్చాయి. ఇనుము పగలగొట్టడానికి సమ్మెటలతో మనుషులు వచ్చారు. ఏళ్ళ తరబడి తను నూనె పెట్టిన సాంచాలను తూకానికి ఎత్తుతుంటే మా ఆయన కింద నిలబడి సాయం చేశాడు. ఆ రోజు కూలి ఇస్తామన్నారు.

మా ఒక్క ఖాతా మాత్రమే కాదు. ఆ వీధిలో, వెనక వీధిలో కూడా ఇంకొందరు అదే పని చేశారు. నూలు అరువు తెచ్చినవాళ్ళు ఖాతాలు మూసేసి, బాకీ కట్టకుండా తప్పించుకు తిరుగుతున్నారు. తర్వాత నూలు కంపెనీ ఫలితాలు వచ్చాయి. రావలసిన బాకీల్లో పెద్ద భాగం ఇక రాదని అందులో రాశారు. నేను వేలు పెట్టి ఆగిన చోటే అది. మర్నాటి నుంచి ఆ షేరు లోయర్ సర్క్యూట్‌లో పడింది. అంటే ఆ రోజుకు ఎంత పడటానికి వీలుంటే అంతా పడిపోయి, అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేక ఆగిపోవడం. పొద్దున మార్కెట్ తెరవగానే అమ్మకానికి పెట్టేదాన్ని. సాయంత్రానికి అది అమ్ముడుపోకుండా తిరిగొచ్చేది. మర్నాడు ఇంకా కింద. టీవీలో మాత్రం మార్కెట్ ఎన్నడూ లేనంత పైన ఉందని నవ్వుతూ చెప్పేవాళ్ళు. ఆ మాట నిజమే. మా బిస్కెట్లూ సబ్బులూ కూడా అప్పటికి చాలా పైకి పోయాయి.

ఆల్థాన్ ఇంటావిడ ఫోన్ చేసింది. “బోలో బేన్, శుం కర్వానుం ఛే?” అంది. ఏం చేద్దామంటారు అని. నేను వేరేవాళ్ళకు ఇచ్చేయమన్నాను. ఆవిడ “బేబీ కేమ్ ఛే?” అని పిల్ల ఎలా ఉందని అడిగింది. బాగుంది అన్నాను.

అబద్ధం కాదు. కింద ఖాతా ఖాళీ అయ్యాక పిల్ల నిజంగానే బాగుంది. డబ్బాల మీద తెల్ల దుమ్ము లేదు. మెట్లెక్కి దిగి పరుగెత్తినా ఆయాసపడలేదు. నా చెయ్యి కింద దాని వీపు మెల్లగా లేచి పడుతుంటే లెక్కపెట్టుకోకుండా పడుకోగలిగాను. ఆయనకు పని లేదు, ఇంట్లో కూర కొనడానికి ఆలోచిస్తున్నాం, పిల్ల బుగ్గలు మాత్రం నిండాయి. దాన్ని చూసి సంతోషించాలో లేదో తెలియక అత్తమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సేఠాణి అని పిలవడం మాత్రం మానేశాడు.

ఆ నిశ్శబ్దం ఎన్నాళ్ళో ఉండదని తెలుసు. పనివాళ్ళు లేని గదులు సేఠ్‌కు ఎందుకు? ఖాళీ చేయమన్నాడు. ఆ వారంలోనే నా షేర్లను చివరికి ఎవరో కొన్నారు. వచ్చింది కొత్త గది అడ్వాన్సుకు సరిపోయింది. ఆ గది కూడా వడోద్‌లోనే. మా ఆయనకు పని దొరికిన ఖాతాకు ఆనుకునే ఉంది, మధ్యలో ఒకటే గోడ. సామాన్లు సర్దుతుంటే పిల్ల కూలిపోయిన అట్టపెట్టెను వదలనంది. గిన్నెలు అందులోనే పెట్టి తెచ్చాం.

కొత్త గదిలో మొదటి సాయంత్రం బిందె దించగానే నీళ్ళు వణికాయి. చీకటి పడకముందే పిల్ల దగ్గింది. ఆయన పని నుంచి వచ్చి, చొక్కా విప్పుతూ, గోడ మీద చెయ్యి ఆనించాడు.

“మార్కెట్ జర మంచిగైనట్టున్నదే. ఈడ గూడ రెండు షిఫ్టులు నడుస్తున్నయ్.”

నేను పిల్ల వీపు రాస్తున్నాను.

“నూలు డబ్బలు వస్తున్నయా?” అని అడిగాను.

ఆయన గోడ మీంచి చెయ్యి తీశాడు.

“రేపు చూస్త” అన్నాడు.