చివరి పడవకూ ఒక పాయింటు

పూతలపట్టు కూడలిలో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. ఒకప్పుడు నాతోపాటు ఒకే పడవలో తెడ్డు వేసిన స్నేహితురాలు. "మే, మన లెక్కల మేడం పోయిందంట. పొద్దున్నే టీ తాగి కుర్చీలో కూర్చునిందంట, అంతే" అంది. అక్కడే, అంతమంది మధ్యలో, గట్టిగా ఏడ్చాను. సిగ్గేమీ వేయలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. మా బడిలో లెక్కలు చెప్పేవారు, ఏటా డ్యాంలో జరిగే బడిపిల్లల పడవ పందేలకు మమ్మల్ని తీసుకెళ్లేవారు. ఇంతా చేసి ఆమెకు నీళ్లంటే చచ్చే భయం. ఏనాడూ పడవలో కాలు పెట్టి ఎరగరు. గట్టు మీద గొడుగు వేసుకుని, ఒళ్లో ఉడకేసిన చెనిక్కాయల సంచి పెట్టుకుని, "లాగండే! ఎవురికి దాచిపెట్టుకుంటా ఉండారు ఆ బలం?" అని అరిచేవారు. మేము గట్టెక్కగానే ఆ సంచి మా చేతుల్లో పెట్టేవారు.

అప్పట్లో ప్రతి పందెంలో మొదటి మూడు పడవలకే పాయింట్లు. ఒక పెద్ద క్రీడల హాస్టలు పందేనికి మూడేసి పడవలు దించేది. మూడూ ముందే వచ్చేవి. మాకున్నది ఒకటే. అరచేతులు బొబ్బలెక్కేలా లాగినా నాలుగో స్థానం, పాయింట్లు సున్నా. చివరికి హెడ్మాస్టరు, "సున్నా కోసం అంత దూరం ఎందుకమ్మా? చాలిద్దాం" అన్నారు. నాకప్పుడు పదమూడేళ్లు. చదువులో మొద్దుని. ఆ పడవ పోతే నాకింక బడిలో ఏమీ మిగలదు.

మేడం ఆయన్ను బతిమాలి ఒక్క ఏడాది గడువు తీసుకుని, కోచ్‌ల మీటింగుకు వెళ్లారు. నల్లబల్ల మోసే పని నాది. ఆమె అడిగింది రెండే. ఒక బడికి ఎన్ని పడవలున్నా, అన్నిటికన్నా ముందు వచ్చినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. పందెం పూర్తి చేసిన ప్రతి బడికీ, చివర వచ్చినదానికి కూడా, పాయింటు ఉండాలి.

ఒక కోచ్ నవ్వాడు. "కడాకు వచ్చినోళ్లకు గూడానా మేడం?"

"మొదుట వచ్చిన పడవ ఎంత దూరం పోయిందో, కడాకు వచ్చింది గూడా అంతే దూరం పోయింది గదప్పా. ఆ బిడ్డలకేమన్నా దోవ తగ్గించినారా?"

ఆ రోజు ఒప్పుకోలేదు. ఆమె మళ్లీ వెళ్లారు, మళ్లీ వెళ్లారు. పాత ఫలితాలన్నీ బల్ల మీద రాసి, రెండు పద్ధతుల్లోనూ కూడి చూపించారు. విసిగిపోయి ఒప్పుకున్నారో, అర్థమై ఒప్పుకున్నారో నాకిప్పటికీ తెలియదు. ఆ ఏడు మొత్తం మీద మా బడి రెండోది. హెడ్మాస్టరు మురిసిపోయి ఇంకో పడవ కూడా తెప్పించారు.

ఆ రెండో పడవే మా కొంప ముంచింది. మరుసటి ఏడు ఆఖరి పందెంలో మా రెండు పడవలూ వరసగా రెండు, మూడు స్థానాల్లో వచ్చాయి. నల్లబల్ల మీద పాయింట్లు రాస్తున్నది మేడమే. హాస్టలు రెండో, మూడో పడవలను కొట్టేయడం ఆమె చేతికి అలవాటు. మాకు రెండో పడవ ఉండటమే అలవాటు లేదు. దాన్ని కొట్టేయలేదు, దాని పాయింట్లూ మా లెక్కలో కలిసిపోయాయి. ఒక్క పాయింటు తేడాతో షీల్డు మాదన్నారు, నా చేతికిచ్చారు. మేము ఫొటోలు దిగుతుంటే ఆమె ఒక్కరే బల్ల దగ్గర నిలబడిపోయారు. తర్వాత డస్టరు తీసుకుని మా అంకె చెరిపేశారు. మైకులో, "తప్పు నాది. షీల్డు హాస్టలుది" అన్నారు. నా చేతిలోది వెనక్కి తీసుకున్నది కూడా ఆమే.

వ్యానులో ఆమె మీద విరుచుకుపడ్డాను. నాకు నోరు ముందునుంచీ ఎక్కువే. "ఎవురూ సూడలేదు గదా మేడం! గమ్మునుండుంటే పోయేది గదా!"

"నేను సూసినాను గదే" అన్నారు. మళ్లీ తనే, "మనం గెలిచేదానికని పెట్టుకుంటే అది రూలు కాదు పాపా, దొంగాట" అన్నారు. ఆమె కళ్లల్లోనూ నీళ్లున్నాయి. అయినా నేను నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెల రోజులు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మరుసటి ఏడు ఆ పద్ధతి తీసేద్దామని ఒకరు లేస్తే, హాస్టలు కోచే అడ్డుకున్నారట. "ఆయమ్మ లెక్కేసినాక ఇంగ మాట్లాడేదేముండాది? కూర్చో అబ్బా."

నేనిప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. ఆదివారాలు మా బడి పిల్లలకు తెడ్డు పట్టడం నేర్పుతాను. మేడం పోయిన పదో రోజున కోచ్‌ల మీటింగు పెట్టారు. "ఆ లెక్కంతా ఇంగెవురు రాస్తారు? మొదుటి మూడు పడవలకిచ్చేస్తే సరిపోదా?" అన్నారెవరో. నేను లేచాను. "నేను రాస్తా. తప్పు పోతే నేనే చెరుపుతా" అన్నాను. రెండు గంటలు వాదించాను. పద్ధతి నిలిచింది.

మొన్నటి పందేల్లో సూళ్లూరుపేట వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక బడి తాలూకు నలుగురు ఆడపిల్లల పడవ బాగా వెనకబడింది. మిగతా అందరూ గట్టెక్కి అన్నాలకు కూర్చున్నారు. డ్యాం మధ్యలో వాళ్లు తెడ్లు ఆపేసి, వెనక్కి తిప్పుకుందామా అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. నేను నీళ్ల అంచుకు పరుగెత్తాను.

"రాండే! మీకు పాయింటుండాది! రాండి!"

నాలుగు తెడ్లూ ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి.