ఎవర్ట్ పుట్టినరోజున రూలీన్‌కి గది దొరికిన వైనం

రూలీన్ బూర్మా పుట్టినరోజుల్ని వాసన పట్టగలదు. కేకు వాసన కాదు, అది ఎవడైనా పడతాడు. గ్రోనింగెన్ ఊళ్లో ఏ సందులోనైనా సైకిలు దిగి ఒక్కసారి గాలి పీల్చిందంటే చాలు, మూడో అంతస్తులో ఉన్నవాడు ఏ నెలలో పుట్టాడో చెప్పేస్తుంది. ఈ ఇంట్లో గది సంపాదించింది ఆ ముక్కుతోనే. నమ్మనివాళ్లు కాలువ పక్కన ఇంటికొచ్చి, నిచ్చెనకి స్వయానా తమ్ముడైన ఆ మెట్లెక్కి, ఎవరినైనా అడగొచ్చు. ఆమెను తప్ప.

ముక్కు సంగతి అలా ఉంచి, ఆమెకి గది ఎంత అవసరమో ముందు తెలియాలి. ఆ సెప్టెంబరులో ఊళ్లో విద్యార్థులు కాలువలో బాతుల కంటే ఎక్కువ, గదులు హంసల కంటే తక్కువ. రూలీన్ పక్కూరు ఆసెన్‌లో పిన్ని ఇంట్లో సోఫా మీద పడుకుని రోజూ రైల్లో తరగతికి వచ్చేది. పిల్ల ఆరడుగులు, సోఫా నాలుగడుగులు. మిగిలిన రెండడుగులూ కుక్క మీద ఉండేవి. కుక్కకి నిద్ర చాలక కరవడం మొదలుపెట్టింది. పిన్ని కుక్క పక్షమే వహించి, ఆదివారం దాకా గడువు పెట్టింది. ఈలోగా గది దొరక్కపోతే చదువు కట్టిపెట్టి, హార్మ్ మామయ్య కొట్టంలో బంగాళాదుంపలు ఏరాలి. మామయ్య ఆమె పాదాలకి సరిపడా రబ్బరు బూట్లు కూడా కొని తలుపు దగ్గర పెట్టేశాడు.

గది దొరకడమంటే తాళం పుచ్చుకోవడం కాదు. ఇంట్లో ఉన్న పిల్లలు ఒక సాయంత్రం గది కావాలన్న వాళ్లందర్నీ పిలుస్తారు. బీరు పోసి, తలాతోకా లేని ప్రశ్నలు వేసి, వాళ్లు వెళ్లాక చేతులెత్తి ఒకరిని ఎన్నుకుంటారు. పెళ్లిచూపులే, కాకపోతే పదిమంది పెళ్లికూతుళ్లు ఒకే చాప మీద. రూలీన్‌కి ఇందులో బొత్తిగా నేర్పు లేదు. "నువ్వు కూరగాయవైతే ఏ కూరగాయవి?" అని ఒకచోట అడిగారు. ఆమె నిజంగానే ఆలోచించింది. క్యాబేజీ అని తేల్చుకునేసరికి గ్లాసులు కడిగేస్తున్నారు. మర్నాడు ఫోనులో సందేశం: 'నువ్వు చాలా మంచిదానివి. మనసులే కలవలేదు.' ఆ పాటికి సగం ఊరితో ఆమెకి మనసులు కలవలేదు.

చివరికి మిగిలింది ఈ ఇల్లు. శనివారం సాయంత్రం వానలో తడిసి, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా గుమ్మంలో నిలబడింది. లోపల కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గోడకి రంగుకాగితాల తోరణం. అది ఎప్పుడో వసంతంలో కట్టింది, విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. కానీ ఆ దేశంలో పుట్టిపెరిగిన మనిషికి గుండ్రంగా కుర్చీలూ తోరణమూ కనిపిస్తే బుర్ర పనిచేయదు, చెయ్యి పనిచేస్తుంది. పుట్టినరోజు! వచ్చినవాళ్లు పుట్టినవాణ్ణే కాదు, వాడి తల్లినీ మేనత్తనీ పక్కింటివాణ్ణీ కూడా వరసగా చెయ్యి పట్టుకుని అభినందించాకే కూర్చోవాలి. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు.

"అభినందనలు," అంది మొదటి కుర్చీలో కుర్రాడితో.

"నీక్కూడా," అన్నాడు వాడు, అలవాటు కొద్దీ.

నాలుగో చెయ్యి దగ్గరికొచ్చాక ఆమెకి తెలిసింది. కేకు లేదు. కానుకలు లేవు. అందరూ తనలాగే గది కోసం వచ్చిన మొహాలు. కానీ మధ్యలో ఆపేస్తే ఐదోవాడికి అవమానం కదా. అందుకని వరస పూర్తి చేసింది. ఆఖరి కుర్చీలో ఇంటికి పెద్దన్న వీబె ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా ఒకే చదువు చదువుతున్నాడు. గడ్డం మాత్రం ఎప్పుడో పట్టా పుచ్చుకుంది.

"సరే తల్లీ," అన్నాడు వీబె, చెయ్యి వదలకుండా. "ఇంతకీ ఎవరి పుట్టినరోజు?"

రూలీన్ కళ్ల ముందు రబ్బరు బూట్లు కదిలాయి.

"మీ ఇంట్లోవాళ్లదే," అంది. "నేనిప్పుడే కదా వచ్చాను. నాకేం తెలుసు?"

"అదీ నిజమే." వీబె ఇంట్లో మిగిలిన రెండో మనిషివైపు తిరిగాడు. "హెస్టర్, నువ్వేమైనా ఇవాళ పుట్టావా?"

"నాది మే నెల. ఈ ఏడు కూడా మర్చిపోయావు."

"మరి నేనా?"

"నువ్వు పుట్టావంటే మీ అమ్మే ఒప్పుకోదు. వెళ్లి చూసి రా."

చూడటమంటే మరుగుదొడ్లోనే. పుట్టినరోజుల క్యాలెండర్ ఆ దేశంలో ఏ ఇంట్లోనైనా అక్కడే వేలాడుతుంది. తీరిగ్గా కూర్చుని చదివేది అక్కడే మరి. బీరు తాగి ఉన్నాడేమో, వీబె రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చాక మొహం పాలిపోయి ఉంది.

"ఇవాళ ఎవర్ట్‌ది."

"ఎవర్ట్ ఎవడు?" అంది హెస్టర్.

"ఏమో. నేను రాకముందు నుంచీ ఉన్నాడు."

"ఎక్కడ?"

"మరుగుదొడ్లోనే."

హెస్టర్ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నేళ్లూ గోడ మీద పడి ఉన్నాడు పాపం. ఒక్క ముక్క కేకు పెట్టామా వాడికి?"

"కేకు ఉందా?" అనడిగింది రూలీన్. ఇక ప్రశ్నలు తప్పించుకోవడానికి వంటింటిని మించిన చోటు లేదు.

"తియ్యటి మసాలా రొట్టె ఉంది. ఎవరిదో తెలీదు."

"అయితే ఎవర్ట్‌దే."

ఆమె వంటింట్లో రొట్టె కోసి వెన్న రాస్తుంటే, హెస్టర్ మిగతావాళ్లని ఇద్దరిద్దరుగా గది చూడ్డానికి పైకి తీసుకెళ్లింది. ఎక్కేటప్పుడు కబుర్లు వినిపించాయి, దిగేటప్పుడు వినిపించలేదు. దిగినవాళ్లలో ఒకడికి రైలు గుర్తొచ్చింది. ఒకమ్మాయికి పిల్లి ఆకలి గుర్తొచ్చింది. ఇంకొకడు గొడుగు కూడా వదిలేసి పోయాడు. అలాంటి ముక్కున్న మనిషితో పోటీపడలేక తోకముడిచారని వీబె ఇవాళ్టికీ చెబుతాడు. పళ్లెం పట్టుకుని రూలీన్ వచ్చేసరికి మిగిలింది ఇంటివాళ్లిద్దరూ, ఎవర్ట్ కోసం ఉంచిన ఖాళీ కుర్చీ.

"ఉంటావా?" అన్నాడు వీబె.

"ఉంటా."

"అది కాదే, ఆ గది..." అని హెస్టర్ నోరు తెరిచింది.

"ఉంటానన్నాగా."

హెస్టర్ నోరు మూసుకుని రొట్టె తీసుకుంది. ముగ్గురూ కుర్చీ వైపు తిరిగి ఎవర్ట్‌కి పాట పాడారు.

ఆదివారం రూలీన్ సామానుతో దిగింది. సామానంటే ఒక సంచీ, మామయ్య తిరిగి తీసుకోనన్న బూట్లు. అటక మీద ఆ గదిలో వాలుకప్పు కింద ఆమె సరిగ్గా మధ్యలో మాత్రమే నిటారుగా నిలబడగలదు. మంచం మీద పక్కకి తిరగాలంటే తలుపు తీసి కాళ్లు నడవలో పెట్టాలి. కింద బంగాళాదుంపలు వేయించి అమ్మే కొట్టు ఉంది. దాని పొగగొట్టం సూటిగా కిటికీలోకి చూస్తుంది. దుంపల్ని తప్పించుకుని వచ్చిన పిల్లని దుంపలే వెతుక్కుంటూ వచ్చాయి. వాన కురిస్తే కప్పు కారుతుంది, అప్పుడు బూట్లు పనికొస్తాయి. ఆ నూనె కంపులో ఇన్నేళ్లుండి కూడా ముక్కు పనిచేస్తోందంటే, అది మామూలు ముక్కా?

ఇప్పుడామె ఇంటికి పెద్దక్క. క్యాలెండర్ మీద ఎవర్ట్ పేరు కింది గడిలోనే ఆమె పేరూ ఉంది. ఏటా ఎవర్ట్ రోజున కుర్చీలు గుండ్రంగా వేస్తారు, ఖాళీ కుర్చీకి కూడా ఒక ముక్క రొట్టె పెడతారు. చదువు మానేసి ఊరవతల సైకిళ్లు బాగుచేసుకుంటున్న వీబె, ఈ కథ చెప్పడానికే పనిగట్టుకుని వస్తాడు. పోయినేడు మూడు వీధుల అవతల్నుంచి ఆమె పట్టిన వాసన, ఈసారి ఏడు వీధుల అవతల్నుంచి పట్టింది. కొత్తగా చేరిన పిల్లలు నోళ్లు తెరిచి రూలీన్ ముక్కు వంకే చూస్తున్నారు.

ఆమె కత్తికంటిన వెన్న రొట్టెకి తుడిచింది.

"నాకు ఏ వాసనా రాలేదు," అంది. "వాళ్లందరూ గది చూశారు. నేను చూడకుండా సరేనన్నాను."