‘దించు’ని మధ్యలో ఆపకూడదు

సరంగు అన్నయ్య పోయిన సంగతి పోయిన నెలలో ఒక పొద్దున వదిన గోడవతల నుంచి చెప్పింది. "ఏమే, మీ అన్నయ్య ఎంత పిలిచినా లేవటంలా" అంది. అప్పుడు నా పొయ్యి మీద పాలున్నాయి. గోడ దగ్గరికి పోవాలో, పొయ్యి కట్టాలో తెలియక మధ్యలో నిలబడ్డాను. పాలు పొంగి గట్టంతా పారాయి. ఏడుపు రావడానికి ముందే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన నాకొక పని అప్పజెప్పి పోయాడు. ఆయన పెట్టెని గుంటలోకి దించేటప్పుడు ‘దించు’ అనే మాట నేను అనాలి. ఊరికే అంటే సరిపోదు. పడవ మీద అన్నట్టు అనాలి. ఏడాది పాటు నేర్పాడు. నాకు రాలేదు.

మీకు ఆయన తెలియడు కాబట్టి కొంచెం చెబుతాను. మా ఊరు దాచేపల్లి నుంచి కృష్ణ వైపు పోయే దారిలో ఉంది. ఇప్పుడా దారి నిండా సిమెంటు లారీలే. వంతెన రాకముందు అవతలి గట్టుకి పోవాలంటే తెరచాప పడవే గతి. మిరపకాయల బస్తాలు, మేకలు, పెళ్ళివారు, అలిగి పుట్టింటికి పోయే కోడళ్ళు, అందరూ దాని మీదే పోయేవాళ్ళు. ఆ పడవ నడిపే పెద్దని సరంగు అంటారు. వంతెన వచ్చాక పడవ గట్టున ఎండిపోయింది. సరంగు మాత్రం ఎండలేదు. మా పక్కన ఇల్లు కట్టుకుని, నాకు పిలుపుకి అన్నయ్య అయి, గోడ పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. మా వీధికి నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. అలాంటి చోట ఒక సరంగు కాపురం ఉన్నాడంటే ఎవరైనా నవ్వుతారు. ఆయనకి అందులో నవ్వే సంగతేమీ కనపడేది కాదు.

పడవ మాటలు ఎవరైనా తప్పుగా పలికితే ఆయనకి అన్నం సయించేది కాదు. ఆయన లెక్కలో తప్పంటే అక్షరం తప్పు కాదు, ఊపిరి తప్పు. పడవ ముందు కొసని అణియం అంటారు. సరంగు కూర్చునే వెనక కొసని అమరం అంటారు. "అణియం అనే మాటని విసరాలి చెల్లెమ్మా, అక్కడున్నోడు దూరంగా ఉంటాడు. అమరాన్ని గొంతులోనే అనుకోవాలి, అక్కడుండేది నేనేగా, నన్ను నేను అరుచుకుంటానా?" అనేవాడు. చుక్కాని అనేటప్పుడు ‘చుక్కా’ని బరువుగా నొక్కి, ‘ని’ని తేలిగ్గా వదలాలట. ‘ని’ నోట్లోంచి వచ్చేసరికి పడవ తిరిగి ఉండాలట. లంగరు అనే మాట టక్కున తెగాలి. చివర్లో సాగదీస్తే, పడేదాన్ని పట్టి వెనక్కి లాగినట్టుంటుందట.

ఒకసారి టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఏదో ఓడ గురించి చెబుతూ లంగరు అనే మాటని రాగం తీసి పలికింది. అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "అమ్మాయ్, నువ్వట్టా లంగరేస్తే పడవ పోయి తెలంగాణాలో ఆగుద్ది!" అని టీవీకి చెప్పాడు. ఆ అమ్మాయి పట్టించుకోకుండా వాతావరణం చెప్పింది. ఆ రోజంతా ఆయన మనసు బాగాలేదు.

ఫోను కూడా అంతే. చెవి దగ్గర పెట్టుకునేవాడు కాదు. చెయ్యి చాపి ముందుకు పట్టుకుని, అవతలి గట్టుకి కేకేసినట్టు మాట్లాడేవాడు. కొడుకు లారీ తోలుతూ మాచర్ల దాటి ఉండేవాడు. "ఫోను కట్టేసినా నాన్న మాట వినపడుద్ది పిన్నీ" అనేవాడు ఆ పిల్లవాడు.

వదినకి మాత్రం ఈ మాటలంటే ఒళ్ళుమంట. "ఈయన నోట్లోంచి కృష్ణ ఎప్పుడు దిగుద్దో" అనేది. పెళ్ళైనప్పటి నుంచి ఒక్క పడవ మాట ఆమె నోట రాలేదు. ఆయన "అన్నం పెట్టే, అణియం నుంచి ఆకలి కేకేస్తంది" అంటే, "ముందుకొచ్చి కూర్చో" అనేది, అణియం అనకుండా.

పోయిన ఏడు గుండెలో నలతగా ఉందని నరసరావుపేట తీసుకుపోయారు. తిరిగి వచ్చిన రోజే గోడ దగ్గరికి పిలిచాడు. నేను చేతిలో చీపురుతోనే పోయాను.

"చెల్లెమ్మా, నీకో పని చెబుతా, కంగారు పడమాక."

కంగారు పడమాక అంటేనే నాకు కంగారు మొదలవుతుంది. గోడ పట్టుకున్నాను.

"మావోళ్ళలో పెట్టెని తాళ్ళతో గుంటలోకి దించుతారు. నది మీద పనిచేసినోడైతే, తెరచాప దించేటప్పటి కేకే వేస్తారు. ‘దిం’ దగ్గర తాడు బిగించి పట్టాలి. ‘చూ’ దగ్గర వదలాలి. కేక ఎంతసేపుంటే తాడు అంతసేపు జారుద్ది. కేక ఆగితే తాడు ఆగుద్ది. నాతో పడవ మీద చేసినోళ్ళందరికీ నేనే వేశా. నాకు వేసేటోడు ఒక్కడూ మిగల్లా. నువ్వు వెయ్యాలి."

"అయ్యో అన్నయ్యా, అయ్యే మాటలేనా! వదిన లేదా?"

"మీ వదిన అరిస్తే నేను దిగను. ఏం తప్పు చేశానో అని పైకొస్తా."

"నాకేం వచ్చని?"

"నీ గొంతు. ఇన్నేళ్ళుగా వింటున్నా. ‘గ్యాసు కట్టావా, గేటు వేశావా, ఆ పిల్ల ఇంకా రాలేదేంది’ అని నువ్వరుస్తా ఉంటే కృష్ణ అవతల కూడా గేట్లు వేసుకుంటారు. కాకపోతే నువ్వు ఏ మాటా పూర్తిగా అనవు. సగంలో ఇంకో భయం గుర్తొచ్చుద్ది."

అది నిజమే. కాదనలేదు.

"ఊపిరి చాలకపోతే?"

"ఎవుడికీ చాలదు. నీది అయిపోయేలోపు పక్కనోడు అందుకోవాలి. పడవ మీద అదే పద్ధతి."

"పక్కన ఎవరూ లేకపోతే?"

"నీ పక్కన ఎవరూ లేకుండా ఎప్పుడన్నా ఉన్నావా? నీ కంగారుకే ఊరంతా పోగవుద్ది."

అలా మొదలైంది. పొద్దున ఎండ ఎక్కకముందు ఆయన మంచం మీద, నేను గోడ ఇవతల. "దించూ" అని కాగితం మీద రాశాను గానీ, అందులో ఎంత ఊపిరి ఉందో కాగితానికి తెలియదు. నేనంటే అది చేదలో రాయి పడ్డట్టు టప్పున పడేది. "అట్టా పడేస్తే చాప చిరుగుద్ది" అనేవాడు. సాగదీస్తే వణికేది. "ఏడవమాక, ఇంకా నేను పోలా" అనేవాడు.

ఒక రోజు ఎదురింటి మేడ మీంచి ఇనప బీరువాని తాళ్ళతో దించుతున్నారు. నాకు ఆ సంగతి తెలియదు. పెరట్లో కళ్ళు మూసుకుని, గుండె నిండా గాలి పీల్చి, మొదటిసారి సరిగ్గా అన్నాను. "దిం... చూ..." ఆ హమాలీల ముఠా మేస్త్రి తమ వాళ్ళెవరో కేకేశారనుకుని తాడు వదలడం మొదలుపెట్టాడు. బీరువా చక్కగా దిగుతోంది. అంతలో నాకు కుక్కరు గుర్తొచ్చింది. నోరు మూశాను. బీరువా ఆగింది.

"ఎవురమ్మా అది, మధ్యలో ఆపింది?" అని మేస్త్రి.

"మా బీరువా! మా బీరువా!" అని ఎదురింటావిడ.

అన్నయ్య మంచం మీద నుంచి దిగకుండానే అరిచాడు. "పూర్తి చెయ్ చెల్లెమ్మా! బీరువా గాల్లో ఉంది!"

భయానికి నా గొంతు పెగల్లేదు. చివరికి ఆయనే అందుకున్నాడు. గుండె జబ్బు మనిషి, ఆ ‘ఊ’ని ఎక్కడా చెదరకుండా బీరువా నేల తాకేదాకా పట్టాడు. తర్వాత దగ్గొచ్చింది. వదిన గ్లాసుతో నీళ్ళు తెచ్చి, నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన మాత్రం నీళ్ళు తాగి మూతి తుడుచుకుని, "కుక్కరు కట్టావా?" అని అడిగాడు.

ఇదీ నా చదువు. దీంతో ఆయన్ని దించాలి.

ఆయన పోయిన రోజు ఇల్లంతా జనం. నాకు ఎన్ని భయాలో. మాలో ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. వాళ్ళలో అందరూ పోతారు. నేను పోవచ్చా? పోతే మా వాళ్ళేమంటారు? దారిలో గొంతు పూడుకుపోతే? మా కోడలు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి చేతికిచ్చింది. "గొంతు తడుపుకుంటా ఉండండి అత్తయ్యా" అంది. దారంతా తాగాను. అక్కడికి చేరాక, ఇన్ని నీళ్ళు తాగానే, ఇక్కడ ఎక్కడికి పోవాలి అని ఇంకో భయం పట్టుకుంది.

సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన ముగించారు. నలుగురు తాళ్ళు పట్టుకున్నారు. ఒక కొస అన్నయ్య కొడుకు. ఇంకో కొస ఎవరో కాదు, బీరువా దించిన ముఠా మేస్త్రి. నన్ను చూసి దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఈసారి మధ్యలో ఆపమాక."

కొడుకు నా వైపు తల ఊపాడు. వదిన నా పక్కనే నిలబడి ఉంది. ఆ పొద్దుటి నుంచి ఆమె కళ్ళలో నీటిచుక్క లేదు, నోట్లో మాట లేదు. నేను మొదలుపెడితే ఏమంటుందో అని అదొక భయం.

"దిం..." అన్నాను. తాళ్ళు బిగిశాయి.

"చూ..." అన్నాను. పెట్టె కదిలింది.

ఎంత నెమ్మదిగా దిగిందో. నలుగురి చేతులూ నా గొంతుకి కట్టేసినట్టు జారుతున్నాయి. ఇదా అన్నయ్యా నువ్వు చెప్పింది అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది. ఆ ఆలోచన రాగానే పట్టు తప్పింది. ఊపిరి అయిపోయింది. ‘ఊ’ సన్నబడి, తెగిపోబోయింది. పెట్టె ఇంకా సగంలోనే ఉంది. బీరువా కళ్ళ ముందు కనపడింది. అన్నయ్యని గాల్లో వేలాడదీశాననుకున్నాను.

ఆ సందులో, నా గొంతు తెగే చోటే, పక్క నుంచి ఇంకో గొంతు అందుకుంది. ఎక్కడా అతుకు తెలియలేదు. తాళ్ళు ఆగలేదు.

వదిన.

పెళ్ళైనప్పటి నుంచి ఒక్క పడవ మాట పలకని మనిషి. తల ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆ ‘ఊ’ని పట్టింది. వణుకు లేదు, ఏడుపు లేదు. బరువు తగ్గేకొద్దీ గొంతు తగ్గించుకుంటూ, సరిగ్గా ఆయన పట్టినట్టే పట్టింది. ఏడాదంతా గోడ ఇవతల నేను నేర్చుకుంటున్నాననుకున్నాను. గోడ అవతల ఎవరు నేర్చుకుంటున్నారో చూసుకోలేదు.

పెట్టె అడుగుకి తగిలింది. మెత్తటి చప్పుడు. తాళ్ళు వదులయ్యాయి. కేక ఆగాలి. ఆగలేదు. వదిన ఇంకా పడుతూనే ఉంది. పాస్టరు గారు పుస్తకం తెరిచి, మళ్ళీ మూశారు. ఆమె గొంతు సన్నబడుతోంది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

నేను అందుకున్నాను.

దించడానికి ఇంకేమీ లేదు. అయినా ఆ నలుగురూ జారిపోయిన తాళ్ళని చేతుల్లోంచి వదలకుండా, మా కేక ఎప్పుడు అయిపోతుందా అని నిలబడే ఉన్నారు.