ఊరి మీదుగా రెండు ముప్పావు గంటలు

ఢిల్లీలో మాకు పనేమీ లేదు. మా ఆమె సుజాతకు అనంతపురాన్ని పైనుంచి ఒక్కసారి చూడాలనుంది, అంతే. పెళ్లైనప్పటి నుంచి మా గుడ్డలంగడి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆమె చూసిందల్లా ఎదుటి స్టీలు సామాన్ల అంగడే. బెంగళూరు నుంచి ఢిల్లీకి పోయే విమానం మన ఊరి మీదుగానే పోతుందని ఎవరో చెప్పినారు. అప్పటి నుంచి అదే ధ్యాస.

ఆషాఢం, ముహూర్తాల్లేవు. తెల్లవారుజామున నాలుగు గంటల బస్సెక్కి ఏడున్నరకు విమానాశ్రయం ఉండే దేవనహళ్లి దగ్గర దిగినాము. మీరూ అక్కడే దిగండి, బెంగళూరు దాకా పోయి వెనక్కి రావడం దండగ.

కిటికీ సీటుకు వేరే దుడ్లు అడిగితే నేను కట్టలేదు. అక్కడ కూర్చునేది మనిషే కదా, బేరం కుదరకపోతుందా?

కూర్చున్నది తలపాగా చుట్టిన పెద్దాయన, కదిరి పక్క రైతు, అల్లుడింటికి పోతున్నాడు. సీటు ఎందుకో నేను చెప్పలేదు. అవసరం బయటపెడితే ధర పెరుగుతుందని మా నాయన నేర్పిన విద్య. వేరుశనగ చిక్కీ పొట్లం చేతిలో పెట్టి, మొదటి అరగంట ఆయనకు, మిగిలిందంతా మాకు అని ఖాయం చేసినాను. మూడున్నర గంటల బస్సు దారి, విమానమైనా ముప్పావు గంట పట్టదా అని నా లెక్క. ఢిల్లీ పదిహేడు వందల కిలోమీటర్లు, రెండు ముప్పావు గంటలు అని ముందే చూసినాను. గుడ్డ తాను ధర తెలిసీ అందులో జాకెట్టు ముక్కకు ఎంతో లెక్క కట్టుకోలేకపోయినాను.

విమానం లేచింది. మాటలన్నీ దూదిలో చుట్టినట్టు వినబడినాయి. తలపాగా అంచు చుట్టూ వెలుతురు తప్ప మాకేమీ కనబడలేదు. సుజాత ఆ వెలుతురునే చూస్తూ కూర్చుంది.

అరగంటకు ఆయన మాట ప్రకారం లేచినాడు. సుజాత అద్దానికి నుదురు ఆనించింది. కింద నల్లరేగడి, పెద్ద నది.

“మన దగ్గర ఇంత నీళ్లు యాడివండీ?”

అనంతపురం ఎక్కడని పెద్దాయన్ను అడగక తప్పలేదు. ఎప్పుడో దాటిందన్నాడు. తర్వాత నా వైపు తిరిగినాడు.

“ఊరు చూడాలని ఒక్క మాట చెప్పింటే అప్పుడే లేచిపోతాంటి గదప్పా.”

ఊరు ఎట్లుండాదని సుజాత ఆయన్నే అడిగింది. ఎర్రచీర ఆరేసినట్టుండాదమ్మా, బుక్కరాయసముద్రం చెరువు మాత్రం అద్దం ముక్క మాదిరి మెరిసినాది అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని వినింది. ఢిల్లీ వచ్చేదాకా తెరవలేదు.

అక్కడ మూడు రోజులు తిరిగినాము, కోటలు, గోరీలు. తిరుగు విమానంలో కిటికీ సీటుకు అడిగినంత కట్టినాను.

సాయంకాలం నాలుగు దాటింది. ఈసారి లెక్క తప్పలేదు. దిగడానికి ఇంకో పావుగంట ఉందనగా, ఇదిగో మన ఊరు అన్నాను. ఊరు లేదు. ఎంత దూరం చూసినా మేఘాలే, మూటలు మూటలుగా, అడుగున నల్లగా. విత్తనం వేసి వాన కోసం మొగం పైకెత్తుకున్న చేన్లన్నీ వాటి కింద ఎక్కడో ఉన్నాయి. ఇంకోసారి పోదాంలే అన్నాను.

“ఊరు కనబడకపోతే పోనీండి,” అంది సుజాత, అద్దం మీద నుంచి చేయి తీయకుండా. “ఈ మోడం కదలకుండా ఉంటే చాలు.”