వినుకొండ కింద సముద్రం

విశాఖపట్నమా, పాండిచ్చేరా? సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమని మా అమ్మాయి ఆ భారం నా నెత్తిన పెట్టింది. నాకు చదువు సంతకం వరకే. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆ పిల్లే. రాయొద్దన్నవి కూడా రాస్తోంది.

అమ్మాయీ అల్లుడూ ఒంగోలులో ఉద్యోగాలు చేస్తారు. ఈ ఏడు ఇద్దరికీ సెలవులు కలిసొచ్చాయి. నన్నూ తీసుకెళ్తామని ఆదివారం వచ్చి, ఫోనులో రెండు ఊళ్ల హోటళ్లూ చూపించారు. రెండూ డబ్బున్నవాళ్ల ఊళ్లలాగే ఉన్నాయి. పాండిచ్చేరి హోటల్లో గోడలకు మా గడపకు పూసినట్టు పసుపు రంగు, గుమ్మానికి కాగితం పూల తీగ. విశాఖ హోటల్లో మంచం మీద పడుకుంటే అద్దంలోంచి అంతా సముద్రమేనట.

"పాండిచ్చేరి చాలా ప్రశాంతంగా ఉంటుందండీ అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

"ప్రశాంతానికి అంత దూరమెందుకయ్యా? మా ఊళ్లో మధ్యాహ్నమైతే కుక్క కూడా అరవదు."

"అమ్మా, వేళాకోళం కాదు. నువ్వేదంటే అదే. సాయంత్రం గదులు బుక్ చేసెయ్యాలి" అంది అమ్మాయి.

వాళ్లు తేలిగ్గానే అనేశారు. నాకు విశాఖ పేరెత్తితే మా ఆయనే గుర్తొస్తాడు.

పెళ్లికి ముందు పత్తి లారీ ఎక్కి ఒక్కసారి విశాఖ వెళ్లొచ్చాడు. ఆ ఒక్కసారి చూసినదాన్ని బతికున్నంత కాలం చెప్పాడు. పత్తి తీస్తున్నా అదే మాట, మిరపకు నీళ్లు పెడుతున్నా అదే మాట. సముద్రం ఎట్టా ఉంటుందని నేనడిగితే, మా చేలోంచి కనిపించే వినుకొండ కొండను చేత్తో చూపించేవాడు.

"అదిగో, ఆ కొండ కింద నుంచి సత్తెనపల్లి దాకా నీళ్లు పోశావనుకో. చేలు లేవు, రోడ్లు లేవు, అంతా నీళ్లే. అదే విశాఖ."

"మరి మధ్యలో నరసరావుపేట?"

"మునిగిపోయింది."

"అయ్యో, మా పిన్నమ్మ అక్కడే ఉంటదిగా!"

"ఈదుకుంటా వస్తదిలే, గట్టి మనిషి."

అప్పట్నుంచి తలెత్తినప్పుడల్లా నాకు ఆ కొండ కింద నీళ్లే కనిపించేవి. ఎండలో మిరపకాయలు కోస్తుంటే కళ్లు మండి చెమర్చేవి. ఆ తడిలోంచి చూస్తే కొండ కింద చేలన్నీ అటూ ఇటూ కదిలేవి.

ఒక ఏడు నిజంగానే బయల్దేరాం. అప్పటికి అమ్మాయి పుట్టలేదు. కోసిన కాయను కల్లంలో ఆరబోసి, కాపలా మా ఆడపడుచుకు అప్పగించి, గుంటూరు స్టేషనుకు వచ్చి కూర్చున్నాం. నా ఒళ్లో పులిహోర మూట. కట్టుకున్నది కొత్త చీర. రైలు ఇంకా రాలేదు. మా ఆయన ఉన్నట్టుండి లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు. తూర్పున మబ్బు, అరచెయ్యంత.

మిరప వేసినవాడు కాయ ఆరే రోజుల్లో పెళ్లాం మొహం చూడడు, తూర్పే చూస్తాడు. ఆరబోసిన కాయ తడిసిందా, తెల్లబడి తాలు కింద సగం ధరకే పోతుంది. సముద్రమంటే మాకు రేడియోలో చెప్పే వాయుగుండమే. అక్కడెక్కడో పుట్టి, మా కల్లం వెతుక్కుంటూ వస్తుంది.

"లెగవే, పోదాం" అన్నాడు.

"రైలు రాలేదుగా?"

"ఇంటికి."

పరుగున వచ్చి కాయ మీద బరకాలు కప్పాం. ఒక్క చుక్క పడలేదు. ఆ మబ్బు ఎటు పోయిందో. కల్లం గట్టున కూర్చుని ఆ పులిహోర తిన్నాం. ముడుచుకున్న నా మూతి చూసి ఆయన లేచి వెళ్లి, చెంబు నిండా నీళ్లు తెచ్చి, అందులో గుప్పెడు ఉప్పు కలిపి నా పాదాల మీద పోశాడు.

"ఇదిగో, అల వచ్చింది. జరుగు, చీర తడుస్తది."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాను. వచ్చే ఏడు తప్పకుండా వెళ్దామన్నాడు. వచ్చే ఏడూ మిరపే వేశాం. ఆ పై ఏడూ మిరపే. ఆయన పోయాక చేను కౌలుకిచ్చాను.

ఇప్పుడు విశాఖ వెళ్లాక అది మరోలా ఉంటే? ఇన్నేళ్లూ కొండ కింద ఆయన నాకోసం పోసిన నీళ్లు ఇంకిపోవూ? పాండిచ్చేరితో ఆ గొడవ లేదు. ఆ ఊరి గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు. అదే చెప్పేద్దామని వాకిట్లోకి వచ్చాను. తూర్పున మబ్బు వేసి ఉంది.

"ఒసేయ్, మబ్బేసిందే! ప్రయాణం లేదు గియాణం లేదు, కాయ కల్లంలో ఉంది!" అని కేకేశాను.

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మన కాయెక్కడుందమ్మా? చేను కౌలుకిచ్చాంగా!"

నిజమే. వెనక్కి తిరిగి రావడానికి నాకిప్పుడు కాయ లేదు. అరిచింది నేనే, కానీ ఆ కేక ఆయనది.

"విశాఖే బుక్ చెయ్యి" అన్నాను.

"ఎందుకనో?"

"మీ నాన్న చెప్పింది నిజమో అబద్ధమో చూడాలి. అబద్ధమైతే తిరిగొచ్చి, ఫోటో ముందు నిలబడి కడిగేస్తాను. ఇంకో మాట. బయల్దేరే రోజు మబ్బేస్తే నాకు చెప్పొద్దు."

అమ్మాయి ఫోను తీసింది. నేను అల్లుణ్ణి వెంటేసుకుని కల్లానికి వెళ్లి, మా కౌలుదారు కాయ మీద బరకాలు కప్పించాను. ఎవరి కాయైతేనేం, మబ్బు మబ్బే కదా.