లెక్కలోకి రాకూడదనుకున్న ఇల్లు

ఈ ఉదయం జమ్మలమడుగులో మా గుమ్మం పక్క గోడ మీద జనగణన వాళ్ళు నంబరు రాస్తుంటే నాకు భయమేసింది. జనాభా అంటే అంకెలేనని నాతో వాదించే మిత్రులకు ఈ భయం అర్థం కాదు. పెన్నా ఒడ్డున, ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉన్న మన ఊళ్ళో పెరిగిన మీకు చెప్పనక్కర్లేదు. ముంపులో పోయే ఇళ్ళన్నిటికీ నీలిరంగు నంబర్లు వేసిన రోజు గుర్తుందా?

ఆ రోజు మా నాయనను కన్న మా జేజి మా ఇంటి నంబరు మీద ఎర్రమట్టి మెత్తుతోంది. నాపరాళ్ళు పరిచే పక్కింటి మస్తాన్ మామ పరుగున వచ్చాడు.

“ఏం జేస్తాండావు అవ్వా? నంబరు లేకపోతే కొత్త కాలనీలో నీకు ఇల్లు రాదు!”

“నంబరు లేకపోతే ఈ ఇల్లు మునగదు గదప్పా!”

“నీళ్ళకేమన్నా చదువొచ్చా, నంబరు చూసి పక్కకు పోయేదానికి?”

అంతలో అధికారి వచ్చి, ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగాడు.

“ఎవురూ లేరు సామీ,” అంది జేజి, నన్ను కొంగుచాటుకు లాక్కుంటూ.

అధికారి వంగి నా కళ్ళలోకి చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. వదిలితే ఊరు మునిగిపోతుందని నమ్మాను.